డబ్బు ఏ ఖాతాలో పడిందో ముందు తేల్చండి

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఇంట్లోనే బట్టలు కుడుతుంటాను. అమ్మాయి చదువుకు లోన్ అడిగితే, నా పేరు మీద 2023లో తీసుకుని కట్టని యాప్ లోన్లు రెండున్నాయని, సిబిల్ పాడైందని బ్యాంకువాళ్లు పక్కన పెట్టారు. నేను ఏ లోనూ తీసుకోలేదు. అప్పట్లో గ్రూప్ లోన్ ఇప్పిస్తానన్న ఒకాయనకు ఆధార్, పాన్, నా ఫొటో వాట్సాప్‌లో పంపాను. 2024 ఆగస్టులో డబ్బు కట్టమని ఫోన్లు వస్తే భయపడి నంబర్లు బ్లాక్ చేశాను. ఇప్పుడు 1,12,000 రూపాయలకు లోక్ అదాలత్ నోటీసు వచ్చింది. నలభై వేలిచ్చి సెటిల్ చేసుకోమని మా బావ అంటున్నాడు. స్టేషన్‌లో ఇది సివిల్ వ్యవహారమన్నారు. నేనేం పాపం చేశానండీ?

జవాబు: అన్నీ రాశారు గానీ కేసును తేల్చే మాట ఒక్కటీ రాయలేదు. ఆ లోన్ల డబ్బు ఏ ఖాతాలో పడింది? యాప్ ద్వారా ఇచ్చే లోన్, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, నేరుగా అప్పు తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోనే వేయాలని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. డబ్బు మీ ఖాతాకు రాలేదని తేలితే అవతలివాళ్ల కేసుకు ఇక బలమేం ఉండదు. మీ ఆధార్‌తో ఎవరో తెరిచిన ఖాతాలో పడి ఉంటే పని కాస్త పెరుగుతుంది. అప్పుడు ఆ ఖాతా ఫారం మీద ఉన్న సంతకం, దానికిచ్చిన ఫోన్ నంబరు మీవి కావని చూపాలి. ఏదైనా సరే, అప్పు ఇచ్చామనేవాళ్లే దాన్ని రుజువు చేసుకోవాలి.

ముందు మీ బావ సలహా సంగతి. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. లోక్ అదాలత్‌లో రాజీ కాగితం మీద సంతకం పెడితే అది సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. తీసుకోని అప్పును మీ చేతులారా ఒప్పుకున్నట్లవుతుంది. ఇంకో సంగతి. అప్పు వసూలుకు దావా వేయడానికి వాళ్లకున్న గడువు మూడేళ్లే. ఆ గడువు తీరకముందు మీరు వెయ్యి రూపాయలు కట్టి సంతకం పెట్టినా మూడేళ్లు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తాయి. పైగా సిబిల్ రిపోర్టులో ‘సెటిల్డ్’ (పూర్తిగా కట్టకుండా రాజీతో ముగించారు) అని పడితే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఏ బ్యాంకూ దాన్ని మంచి గుర్తుగా చూడదు. డబ్బు తీసుకుని స్కోరు బాగుచేస్తామనే ఏజెంట్లకూ ఓటీపీ చెప్పకండి. నోటీసులో ఉన్న తేదీకి వెళ్లి, ‘ఈ అప్పు నాది కాదు, రాజీకి ఒప్పుకోను’ అని రాసిచ్చి, నకలు మీద తీసుకున్నట్లు సంతకం చేయించుకుని రండి.

నంబర్లు బ్లాక్ చేసి ఊరుకోవడం మాత్రం పెద్ద పొరపాటు. మోసం మీకు ఎప్పుడు తెలిసిందని కోర్టు అడిగితే, బ్యాంకుకు వెళ్లిన రోజని మీరంటారు. 2024 ఆగస్టులో ఫోన్లు వచ్చినప్పుడేనని అవతలి లాయరు అంటాడు. ఈ అప్పు నాది కాదని డిక్లరేషన్ దావా వేయడానికి గడువు మూడేళ్లు. వేరొకరి గుర్తింపు వివరాలు మోసానికి వాడుకోవడం ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66సి కింద నేరం. దానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి కోర్టు కేసు తీసుకోవడానికీ మూడేళ్లే గడువు. అది నేరం తెలిసిన రోజు నుంచో, చేసినవాడెవరో తెలిసిన రోజు నుంచో మొదలవుతుంది. కానీ మీరు 2024 ఆగస్టు నుంచే లెక్కపెట్టుకోండి, అంటే 2027 ఆగస్టు లోపలే అన్నీ అయిపోవాలి. మోసం 2023 నాటిది గనక పాత ఐపీసీ (శిక్షాస్మృతి) 420 (మోసం), 468 (మోసానికి దొంగ పత్రాలు సృష్టించడం) సెక్షన్లు కూడా వర్తిస్తాయి. వాటికి ఏడేళ్ల దాకా శిక్ష ఉంది కాబట్టి ఈ గడువు బెడద లేదు. ఫిర్యాదులో వాటిని తప్పక రాయించండి.

ఇది సివిల్ వ్యవహారం కాదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. స్టేషన్‌లో అప్పటికీ తీసుకోకపోతే ఫిర్యాదును తిరుపతి జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. ఇది తెలియక కేసులు పాడైపోతుంటాయి.

అదే రోజు లోన్ కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. లోన్ అగ్రిమెంటు, డబ్బు పడిన ఖాతా నంబరు, యూటీఆర్ (డబ్బు బదిలీ నంబరు), కేవైసీలో (గుర్తింపు తనిఖీలో) తీసుకున్న సెల్ఫీ, వాడిన ఫోన్ నంబరు ఇమ్మని అడగండి. సిబిల్, ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్, అప్పుల చరిత్ర నమోదు చేసే ఈ సంస్థలు నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇస్తాయి. నాలుగూ తీసి, తప్పు ఎక్కడుంటే అక్కడల్లా డిస్ప్యూట్ (సరిచేయమనే అభ్యంతరం) వేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం రావాలి. లోన్ కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోతే ఆ వారంలోనే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. పోలీసు కేసు దానికి అడ్డు కాదు. సివిల్ దావా ముందే వేస్తే మాత్రం అంబుడ్స్‌మన్ తీసుకోడు. అందుకే దావాను ఆఖరున పెట్టుకోండి, గడువు మాత్రం దాటనివ్వకండి.

ఆ వాట్సాప్ సంభాషణ ఉన్న ఫోన్ ఇప్పుడు మీకు ఆస్తి. దాన్ని ఎక్స్చేంజ్‌లో ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అప్పుడు అసలు ఫోన్ చూపమంటారు. కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో మీ పేరు మీద ఇంకెన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి.

లాయరు ఫీజుకు భయపడనక్కర్లేదు. ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీకి వెళ్లండి. అమ్మాయి లోన్ ఎందుకు నిరాకరించారో బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఎఫ్‌ఐఆర్, డిస్ప్యూట్ రసీదులు జతచేసి, అమ్మాయి తండ్రిని గానీ, మంచి స్కోరున్న దగ్గరి బంధువును గానీ కో-అప్లికెంట్‌గా పెట్టి మళ్లీ దరఖాస్తు చేయండి.