ప్యాకెట్ చానెల్ నత్తనడక నడుస్తుంటే లోపం ఎక్కడుందో వింటూ పట్టుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ దగ్గరి అమెచ్యూర్ రేడియోలో డేటాని ముక్కలుగా పంపుకునే 1200 బాడ్ (సెకనుకి 1200 బిట్ల) ప్యాకెట్ చానెల్‌లో నోడ్‌కి (ట్రాఫిక్‌ని ముందుకు అందించే స్టేషన్‌కి) కనెక్ట్ అయితే ఒక్కో లైను రావడానికి నిమిషం పడుతోంది, ట్రాఫిక్‌ని వింటూ ఆ ఇరుకు ఎక్కడుందో కనిపెట్టాలి. నాలుగేళ్ల కిందట నాదీ ఇదే బాధ. మూడు వారాలు రాత్రింబవళ్లు లాగ్ తీశాను. అందులో మొదటి వారం లాగ్ చెత్తబుట్టలోకే పోయింది, కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అలవాటు కొద్దీ రేడియోలో స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు శబ్దాన్ని మూసేసే అమరిక) వేసి ఉంచాను. స్క్వెల్చ్ తెరుచుకునేలోపు ప్యాకెట్ తల తెగిపోతుంది. టీఎక్స్‌డిలే (ట్రాన్స్‌మిటర్ ఆన్ అయ్యాక డేటా మొదలయ్యేదాకా ఆగే వ్యవధి) తక్కువ పెట్టుకున్న స్టేషన్లవి అసలు డీకోడే కావు. నేనేమో ఒకాయన ట్రాన్స్‌మిటర్ పాడైందని నలుగురికీ చెప్పేశాను. స్క్వెల్చ్ పూర్తిగా తెరిచేసరికి ఆయన స్టేషన్ గంట కొట్టినట్టు వినబడింది. ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఇంకో సంగతి, రేడియో వెనక డేటా సాకెట్ ఉంటే ఆడియో అందులోంచే తీసుకోండి. స్పీకర్ దారిలో డీ-ఎంఫసిస్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలని తగ్గించే ఫిల్టర్) ఉంటుంది, దానివల్ల ప్యాకెట్ వాడే రెండు టోన్లలో 1200 హెర్ట్జ్ టోన్‌తో పోలిస్తే 2200 హెర్ట్జ్ టోన్ నీరసించిపోతుంది. డైర్‌వుల్ఫ్ (సౌండ్‌కార్డ్‌తో ప్యాకెట్లు డీకోడ్ చేసే ప్రోగ్రామ్) దీన్ని చాలావరకు సర్దుకుంటుంది గానీ సౌండ్‌కార్డ్ లెవెల్ మాత్రం మీరే చూసుకోవాలి. ప్రతి ప్యాకెట్‌తో పాటు అది చూపించే అంకె 50 చుట్టుపక్కల ఉంటే చాలు.

డైర్‌వుల్ఫ్ సొంత లాగ్ ఫైల్ ఏపీఆర్‌ఎస్‌ని (స్టేషన్ల స్థానం, చిన్న సందేశాలు పంపే ప్యాకెట్ పద్ధతిని) దృష్టిలో పెట్టుకుని చేసింది, మన పనికి అది చాలదు. తెర మీద వచ్చేదంతా టైమ్‌స్టాంప్‌తో సహా ఒక ఫైల్‌లోకి మళ్లించండి. లైనక్స్‌లో ఏఎక్స్.25 (ప్యాకెట్ రేడియో ప్రోటోకాల్) సదుపాయం ఉంటే యాక్స్‌లిజన్ (axlisten) అనే ప్రోగ్రామ్ కూడా ఇదే పని చేస్తుంది.

ఇక విశ్లేషణ. అందరూ ముందు చేసేది ఏ స్టేషన్ ఎన్ని ప్యాకెట్లు పంపిందో లెక్కపెట్టడం. దాంతో పెద్దగా ఒరిగేదేం లేదు. ఒక్కో ప్యాకెట్ చానెల్‌ని ఎంతసేపు పట్టుకుందో చూడాలి. 256 బైట్ల డేటాకి అడ్రసులు, కంట్రోల్, పీఐడీ (డేటా రకం చెప్పే బైటు), ఎఫ్‌సీఎస్ (తప్పులు పట్టే చెక్), మొదట్లో చివర్లో ఉండే రెండు ఫ్లాగులు కలిపితే 276 బైట్లు, అంటే 2208 బిట్లు, సుమారు 1.84 సెకన్లు. "అందింది" అని చెప్పే ఆర్‌ఆర్ ఫ్రేమ్ మొత్తం 19 బైట్లే, 0.13 సెకన్లు. కానీ టీఎక్స్‌డిలే 500 మిల్లీసెకన్లు ఉంటే ఆ బుల్లి ఫ్రేమ్ కూడా 0.63 సెకన్లు తింటుంది. మూరెడు మాటకి బారెడు గొంతు సవరింపు అన్నమాట!

ఇలా లెక్కేస్తే మా దగ్గర ఒక విచిత్రం బయటపడింది. ఒక స్టేషన్ నిమిషానికోసారి 100 అక్షరాల బీకన్‌ని (తనంతట తానే పోయే ప్రకటనని) రెండు డిజిపీటర్ల మీదుగా పంపుతోంది. అసలుది ఒకటి, డిజిపీటర్లు తిరిగి పంపినవి రెండు, వెరసి మూడుసార్లు. (లాగ్‌లో డిజిపీటర్ పేరు పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తే అది తిరిగి పంపిన కాపీ అని అర్థం.) ఒక్కోటి దాదాపు 1.4 సెకన్లు, మొత్తం నిమిషంలో 4.2 సెకన్లు. చానెల్‌లో 7 శాతం ఒక్క బీకన్‌కే పోతోంది. ఒకరినొకరు వినలేని స్టేషన్లున్న చానెల్ అలోహా పద్ధతికి (చానెల్ ఖాళీయో కాదో చూడకుండా ఎవరికి వారు పంపేసే పద్ధతికి) దగ్గరగా నడుస్తుంది. అందులో పనికొచ్చే గరిష్ఠ వాడకం సిద్ధాంతపరంగా 18.4 శాతమే. ఆ లెక్కన 7 అంటే చిన్న సంగతేం కాదు. ఆ బీకన్ పెట్టినాయనకి అది ఆన్‌లో ఉన్నట్టే గుర్తులేదట.

అసలు విషయం రీట్రైలలో (మళ్లీ పంపే ప్రయత్నాల్లో) ఉంది. ఎ నుంచి బి కి 3వ నంబర్ ఐ-ఫ్రేమ్ (డేటా మోసే ఫ్రేమ్) వెళ్లింది అనుకోండి. జవాబు రాలేదు. టైమర్ అయిపోగానే ఎ పోల్ బిట్‌తో (జవాబు కావాలని చెప్పే గుర్తుతో) ఆర్‌ఆర్ పంపి "ఎంతవరకు అందింది?" అని అడుగుతుంది. దానికి బి ఇచ్చే జవాబులో ఉండే అంకె చూడండి. అది తనకి తర్వాత కావలసిన ఫ్రేమ్ నంబర్. 3 అని వస్తే డేటా దారిలోనే పోయింది. 4 అని వస్తే డేటా అందింది, బి పంపిన రసీదు ఎ కి చేరలేదు. ఏ దిశలో తేడా ఉందో ఒక్క అంకె చెప్పేస్తుంది. అసలు జవాబే లేకపోతే మాత్రం ఆ ఒక్క సంఘటనతో ఏదీ తేల్చకండి.

నా లాగ్‌లో దాదాపు అన్నీ మొదటి రకమే. కానీ ఎ పంపిన ఆ ఫ్రేములు నాకు శుభ్రంగా వినబడుతున్నాయి! ఇక్కడే చాలామంది పొరబడతారు. మీ యాంటెనాకి వినబడేది మీ చానెల్ మాత్రమే, బి దగ్గరి చానెల్ వేరు. బి ఉన్నది గుట్టకి అవతల. ఆయన ఇంట్లోనే ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చవక రిసీవర్) పెట్టించి, రెండు కంప్యూటర్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్ ద్వారా టైమ్ సరిచేసే పద్ధతితో) సరిచేసి, రెండు లాగులూ పక్కపక్కన పెట్టాం. రెండో రోజుకే దొరికింది. ఎ కి గానీ నాకు గానీ వినబడని మూడో స్టేషన్ ఒకటి సరిగ్గా అవే క్షణాల్లో మెయిల్ ఫార్వర్డింగ్ చేస్తోంది. చానెల్ ఖాళీగా ఉందనుకుని రెండూ ఒకేసారి మొదలుపెడుతున్నాయి, మధ్యలో బి నలిగిపోతోంది.

చానెల్ ఖాళీ అయ్యాక ఎంత తొందరగా పంపాలో నిర్ణయించే పర్‌సిస్ట్, స్లాట్‌టైమ్ మారుస్తూ వారం గడిపాను. అవతలివాళ్లు వినబడితేనే ఆ సెట్టింగులు పనిచేస్తాయి, ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు. ప్యాక్‌లెన్ (ఒక్కో ప్యాకెట్‌లో డేటా బైట్లు) 256 నుంచి 80కి, మ్యాక్స్‌ఫ్రేమ్ (రసీదు కోసం ఆగకుండా పంపే ఫ్రేములు) 4 నుంచి 1కి దించాక కాస్త ఊపిరాడింది. తర్వాత మూడో స్టేషన్ ఆయన ఫార్వర్డింగ్‌ని వేరే ఫ్రీక్వెన్సీకి మార్చుకోవడానికి ఒప్పుకున్నారు. అప్పుడు గానీ చానెల్ బాగుపడలేదు.

వినేటప్పుడు ఇతరుల మెయిళ్లు కూడా చదవగలిగేలా వస్తాయి. నేను హెడర్లు, పొడవు, టైమ్ ఉంచుకుని మిగతాది స్క్రిప్ట్‌తో చెరిపేసేవాణ్ణి. లాగ్ నలుగురికీ చూపించాల్సి వచ్చినప్పుడు అది చాలా మేలు చేసింది.

మీరు ఒక రోజు లాగ్ తీసి, పోల్ తర్వాత వచ్చిన జవాబుల్ని దిశలవారీగా కాగితం మీద గీతలు పెట్టి లెక్కేయండి. ఆ రెండు అంకెలూ, మీ టీఎక్స్‌డిలే విలువా ఇక్కడ రాయండి, చూద్దాం.