మట్టితో మాటామంతీ: ఇల్లినాయ్ నల్లనేల మన రేగడేనా?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్చూరు దగ్గర పల్లె. పత్తి, మిరప, శనగ పండించిన చేతులు. ఇప్పుడు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, షాంపేన్ ఊళ్ళో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. ఏప్రిల్లో వచ్చాను. ఊరు దాటితే చాలు, కనుచూపు మేర నల్లటి చేలు. గట్టు లేదు, మిట్టా పల్లమూ తెలీదు. అచ్చం మన రేగడే అనుకున్నా. కానీ వాన వెలిసి రోజులు గడిచినా చేలల్లో అక్కడక్కడా మడుగులు ఇంకలేదు. మావాడి పెరట్లో టమాటా నారుకని గుంట తీస్తే అడుగున్నర దాకా కాటుక నలుపు, ఆ కింద బూడిదరంగు, దాంట్లో తుప్పు మరకలు. రోడ్డు పక్క కాలవలోకి చేను లోపల నుంచి ఒక గొట్టం వచ్చి ఉంది. వాన లేని రోజు కూడా అందులోంచి నీళ్ళు పడుతున్నాయి. జూలై వచ్చినా మన నేలలా నెర్రెలిచ్చింది లేదు. ఇది ఏం నేల? ఇంత జవుకులో మొక్కజొన్న నిలువెత్తు ఎలా లేస్తోంది?
— ఒక రైతు, పర్చూరు (ప్రస్తుతం షాంపేన్)

జవాబు: రేగడి కాదు అన్నగారూ. నలుపొక్కటే కలిసింది. పుట్టుక వేరు, నడత వేరు.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి మీ అబ్బాయి పెరడు డ్రమ్మర్ నేల అయ్యుండాలి. ఆ చుట్టుపక్కల చదునుగా, కాస్త పల్లంగా ఉన్న చేలల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఇల్లినాయ్ మొత్తం మీద 15 లక్షల ఎకరాలకు పైగా ఉంది. షాంపేన్ పక్కనే ఫోర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది చూడండి, అక్కడి డ్రమ్మర్ క్రీక్ అనే వాగు పేరే 1929లో ఈ నేలకు పెట్టారు. 2001లో దీన్ని రాష్ట్ర మట్టిగా ప్రకటించారు. మనకు రాష్ట్ర పక్షి, రాష్ట్ర వృక్షం ఉన్నాయి గానీ రాష్ట్ర మట్టి లేదు. జీవితమంతా మట్టిని తొలిచి నమూనా తీసే ఆగర్ పట్టుకుని తిరిగినవాణ్ణి కదా, ఈ ఒక్క విషయంలో వాళ్ళంటే నాకు కుళ్ళు.

ఇక పుట్టుక. సుమారు 20 వేల ఏళ్ళ కిందట కెనడా వైపు నుంచి దిగిన మంచు ఆ ప్రాంతాన్ని కప్పేసి ఉండేది. అది కరుగుతూ వెనక్కి తగ్గినప్పుడు, అంచుల నుంచి పారిన నీళ్ళు ఇసుకనీ గరపనీ మోసుకొచ్చి ముందున్న చదునులో పరిచాయి. ప్రవాహం జోరుగా ఉన్న ఏడు ముతకది పడింది, మందగించిన ఏడు సన్నది పడింది. అందుకే ఆ మట్టి చారలు చారలుగా ఉంటుంది. దీన్ని ఔట్‌వాష్ అంటారు. నీళ్ళు తగ్గి నదీలోయలు ఆరాక, అక్కడి సన్న ధూళిని గాలి లేపి ఆ చారల మీద కప్పింది. ఈ గాలి మట్టి పేరు లోయెస్. డ్రమ్మర్‌లో అది 40 నుంచి 60 అంగుళాల మందం. అంటే మీ టమాటా వేళ్ళు పెరిగేది గాలి తెచ్చిన మట్టిలో, దాని అడుగున ఉన్నది మంచునీళ్ళు తెచ్చిన మట్టి. ఒకసారి శిక్షణకని వెళ్ళినప్పుడు నేనూ అక్కడ ఆగర్ దించాను. పైనంతా పిండిలా మెత్తగా జారిపోయింది. నాలుగడుగులు దాటాక ఉన్నట్టుండి ఇసుక గరగరమని చేతికి తెలిసింది. ఆ చప్పుడు విని మా పక్కనున్న అక్కడి సర్వేయరు నవ్వాడు, ‘వచ్చేశాం’ అన్నట్టు.

ఇప్పుడు అసలు చిక్కుకొద్దాం. మన రేగడిలో సగం పాళ్ళు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, బంకమన్నే. తడిస్తే ఉబ్బి నీటిదారులన్నీ మూసుకుంటుంది. నీళ్ళు దిగకపోవడానికి అక్కడ తప్పు మట్టిదే. డ్రమ్మర్ అలా కాదు. బంక మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది, మట్టి గుల్లగుల్లగా ఉంటుంది, నీళ్ళు దిగడానికి దారి ఇస్తుంది. మరి మడుగులెందుకంటారా? దిగిన నీళ్ళు పక్కకు పోవడానికి వాలు లేదు. నూటికి రెండడుగుల వాలు ఉంటే అక్కడ అదే మహాభాగ్యం. మంచు వదిలేసిన నేల వయసులో చిన్నది, వాగులు ఇంకా సరిగ్గా కోసుకోలేదు. ఏడాదికి 37 అంగుళాల వాన. చలికాలంలో గడ్డకట్టిన నేల, వసంతంలో కరిగే మంచు, ఎండ ఇంకా ముదరని రోజులు. ఊటమట్టం, అంటే భూమిలో నీళ్ళు నిండి ఉన్న ఎత్తు, నేలమట్టానికి అడుగు లోపలికి వచ్చేస్తుంది, పల్లాల్లో పైకే తేలుతుంది. మీరు ఏప్రిల్లో చూసింది అదే. కాబట్టి మురుగు దిగని నేల అని పుస్తకంలో రాసి ఉంటే, అది మట్టి గురించా చోటు గురించా అని విడదీసి చూడాలి. చోటుదైతే మందుంది. మట్టిదైతే చాలా కష్టం.

మీ గుంటలో కనిపించిన రంగులు కూడా ఈ నీటి పనే. మట్టిలో ఖాళీలన్నీ నీళ్ళతో నిండితే అందులోని సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్ కాస్తా వాడేసుకుంటాయి. అదయ్యాక నైట్రేట్, ఆ తర్వాత మాంగనీసు, దాని తర్వాత ఇనుము మీద పడతాయి. ఎర్రగా, పసుపుగా రేణువులకు అంటుకుని ఉన్న ఇనుము కరిగి నీళ్ళతో కదిలిపోతుంది. రంగు పోయిన మట్టి బూడిదగా మిగులుతుంది. ఎక్కడన్నా పాత వేరు కుళ్ళి సందు ఏర్పడితే అక్కడికి గాలి చేరి, కరిగిన ఇనుము మళ్ళీ తుప్పుగా పేరుకుంటుంది. మీరు చూసిన మరకలు అవి. ఇంకాస్త లోతుకు వెళ్ళి ఉంటే ముంజేతి లావున నల్లమట్టి నిండిన సొరంగాలు కూడా బూడిదలో అడ్డంగానో నిలువుగానో కనపడేవి. క్రేఫిష్ అని రొయ్యకూ పీతకూ మధ్యరకం జీవి ఉంది. మన ఎండ్రకాయ లాగే అది ఊట తగిలేదాకా బొరియ తవ్వుతుంది. తర్వాత పైమట్టి అందులోకి జారి పూడిపోతుంది. ఎండ్రకాయల బొరియలున్న చేను ఎలాంటిదో మీకు నేను చెప్పాలా!

ఆ నలుపు కూడా మురుగు పెట్టిన భిక్షే. మన రేగడిలో సేంద్రియ కర్బనం చాలాచోట్ల ఒక శాతమైనా ఉండదు, అయినా నల్లగా ఉంటుంది. డ్రమ్మర్ నలుపు మాత్రం నిజంగా కుళ్ళిన గడ్డిది. పై పొరలో సేంద్రియ పదార్థం 4 నుంచి 7 శాతం. ప్రెయిరీ అనే ఆ గడ్డి మైదానాల్లో మనిషెత్తు గడ్డి వేల ఏళ్ళపాటు అక్కడ పెరిగి, దాని వేళ్ళు మట్టిలోనే చచ్చి, నీళ్ళ వల్ల గాలి అందక నిదానంగా కుళ్ళి పోగుపడ్డాయి. బాగా ఆరే నేల అయ్యుంటే ఇంత మిగిలేది కాదు.

మొదట వచ్చిన తెల్లవాళ్ళు ఈ నేలను చూసి భయపడ్డారు. చెట్లున్న మిట్టల అంచున కాపురాలు పెట్టి, తడి ప్రెయిరీని పశువుల మేతకు వదిలేశారు. దోమలు, చలిజ్వరాలు. పోతఇనుము నాగలికి ఈ మట్టి అంటుకుపోయి, అడుగడుక్కీ ఆపి గీకాల్సి వచ్చేది. ఇల్లినాయ్‌లోనే గ్రాండ్ డిటూర్ అనే ఊళ్ళో జాన్ డీర్ అనే కమ్మరి 1837లో నున్నటి ఉక్కు నాగలి చేసి ఆ బాధ తీర్చాడు. ఆయన పేరున్న ఆకుపచ్చ ట్రాక్టరు మన గుంటూరు జిల్లాలోనూ తిరుగుతోంది. నాగలి వచ్చినా నీళ్ళు మాత్రం పోలేదు. ఆ పని గొట్టం చేసింది. స్కాట్లండ్ నుంచి న్యూయార్క్ రాష్ట్రానికి వలస వచ్చిన జాన్ జాన్‌స్టన్ అనే రైతు 1830లలో తన ఊరి నుంచి నమూనా తెప్పించి, మట్టి గొట్టాలు కాల్పించి పొలంలో పాతాడు. పక్కవాళ్ళు ఎగతాళి చేశారట. ఇల్లినాయ్‌లో 1879 నాటి మురుగునీటి చట్టంతో రైతులు జట్లు కట్టి, పన్ను వేసుకుని, పెద్ద కాలవలు తవ్వుకున్నారు. చేలల్లో అడుగు పొడవు మట్టి గొట్టాలు ఒకదాని మూతికి ఒకటి ఆనించి పరిచారు. ఆ అతుకుల సందుల్లోంచే నీళ్ళు లోపలికి దిగుతాయి. ఇప్పుడు చిల్లులున్న ప్లాస్టిక్ పైపు, 3–4 అడుగుల లోతున, వరసకూ వరసకూ 80–100 అడుగుల ఎడం.

వాన లేకపోయినా గొట్టం కారడం గురించి అడిగారు. ఊటమట్టం గొట్టం కన్నా పైన ఉన్నన్నాళ్ళూ కారుతుంది, కిందికి దిగగానే ఆగుతుంది. వేళ్ళకు గాలి రాకుండా అడ్డుపడే నీళ్ళే బయటికి పోతాయి. మట్టి పట్టి ఉంచుకున్న పదును ఎక్కడికీ పోదు. మంచి ఏడు ఎకరానికి 200 బుషెళ్ళు, అంటే మన లెక్కన 50 క్వింటాళ్ళ మొక్కజొన్న, ఒక్క తడి పెట్టకుండా వస్తోందంటే ఆ దాచుకున్న పదునూ, ఎండాకాలం పడే వానలూ కారణం. నెర్రెలివ్వకపోవడానికి కూడా అదే, పైగా బంక తక్కువ. బెట్టపడిన ఏడు సన్నగా బీటలిస్తుంది, మీ అరికాలు దూరేంత కాదు.

దీనికి ధర లేదనుకోకండి. గొట్టంతోపాటు నైట్రేట్ కూడా పోతుంది. పూర్వం జవుకులో ఉన్నప్పుడు సూక్ష్మజీవులు దాన్ని నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేవి. ఇప్పుడు ఎరువు వేసిన చేను నీళ్ళు నేరుగా వాగులోకి, అక్కడి నుంచి మిసిసిపీలోకి, చివరికి మెక్సికో సింధుశాఖలోకి. అక్కడ నాచు పెరిగి కుళ్ళి, ఎండాకాలంలో నీటి అడుగున ఆక్సిజన్ లేక చేపలు బతకని మేర ఏర్పడుతోంది. షాంపేన్‌కి నైరుతిగా ఉన్న డికేటర్ పట్నం తాగునీటిలోంచి నైట్రేట్ తీయడానికి 2002లో ప్రత్యేకంగా ప్లాంటు కట్టుకుంది. రాష్ట్రంలోని చిత్తడి నేలల్లో 85 శాతం దాకా ఇప్పటికే పోయాయి. 1985 డిసెంబరు 23 తర్వాత చిత్తడి నేలను కొత్తగా చేనుగా మార్చిన రైతుకు ప్రభుత్వ సాయాలు ఆపేస్తామని చట్టం తెచ్చారు. నన్నడిగితే ఆ చట్టం వందేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

ఊరికి వచ్చాక మీరు ‘మనమూ పైపులు వేద్దాం’ అంటారని నాకు తెలుసు. మీకు దగ్గర్లోనే మార్టూరు మండలం కోణంకిలోనూ, నాగులుప్పలపాడు మండలం ఉప్పుగుండూరులోనూ బాపట్ల శాస్త్రవేత్తలు భూమి లోపల మురుగు పైపులు పరిచి చూశారు. కాకపోతే అక్కడ రోగం వేరు, కాలవ నీళ్ళ వల్ల ఊట పెరిగి ఉప్పు పైకి తేలడం. బంక ఎక్కువయ్యేకొద్దీ పైపుల ఎడం తగ్గించాలి, ఖర్చు పెరుగుతుంది. ఇల్లినాయ్ కొలతలు రాసుకొచ్చి పర్చూరులో వేస్తే డబ్బులు మట్టిపాలు. ముందు కోణంకి వెళ్ళి అక్కడి రైతులతో మాట్లాడండి.

ప్రశ్న: సర్, మేం ఇల్లినాయ్‌లోనే బ్లూమింగ్టన్‌లో కొత్తగా ఇల్లు కొన్నాం. మొక్కజొన్న చేను ప్లాట్లు చేసిన వెంచర్. వసంతంలో బేస్‌మెంట్‌లో చేరే ఊట నీళ్ళు తోడే పంపు ఆగకుండా తిరుగుతుంది, వెనక పెరట్లో నీళ్ళు నిలుస్తాయి. గోంగూర పసుపెక్కి చచ్చిపోయింది. ఇసుక కలపమని తెలిసినవాళ్ళు అంటున్నారు.
— ఒక గృహిణి, బ్లూమింగ్టన్

జవాబు: ఇసుక కలపొద్దమ్మా. పైన మీరెంత కలిపినా కింద ఊట కదలదు. అసలు మీ పెరట్లో ఆ నల్ల పైమట్టి ఉందో లేదో ముందు చూడండి. ఇళ్ళు కట్టేటప్పుడు దాన్ని గీకి ఎత్తుకుపోయి, మిగిలిన బూడిదమట్టిని బండ్లతో తొక్కించి, పైన నాలుగు అంగుళాల మట్టీ గడ్డిచాపా పరిచి వెళ్ళిపోవడం మామూలే. పునాది తవ్వినప్పుడు పాత చేను గొట్టం తెగి ఉండొచ్చు కూడా. తెగిన గొట్టం తెచ్చే నీళ్ళు అక్కడే ఊరుతాయి, మీ పంపు ఆగకపోవడానికి అదొక కారణం కావచ్చు. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే కరెంటు, గ్యాసు లైన్లు గుర్తు పెట్టి వెళ్తారు గానీ, చేను గొట్టాలు వాళ్ళ పటంలో ఉండవు. కాబట్టి గడ్డపార నెమ్మదిగా. ఎర్రటి మట్టి గొట్టం తగిలితే పగలగొట్టకుండా చేను గొట్టాలు వేసే పనివాళ్ళకు చూపించండి. మీ ఇంటి స్థలంలో ఏ నేల ఉందో వెబ్ సాయిల్ సర్వే అనే ప్రభుత్వ పటంలో ఉచితంగా చూసుకోవచ్చు.

గోంగూరకు అడుగు ఎత్తున మడులు కట్టి అందులో వేయండి. తడి నేల ఆలస్యంగా వేడెక్కుతుంది. మే చివరి దాకా ఆగి, చేత్తో తాకితే వెచ్చగా ఉన్నప్పుడు విత్తండి. తొందరపడి ఏప్రిల్లో వేస్తే ఆ గింజ కుళ్ళుతుంది. బేస్‌మెంట్ పంపుకి బ్యాటరీ ఒకటి పెట్టించుకోండి, కరెంటు పోయేది గాలివాన రాత్రే.

ప్రశ్న: చేలో గుంట తీసి, అది మురుగు నేలా కాదా అని రంగు చూసి ఎలా చెప్పాలి?
— బీఎస్సీ అగ్రికల్చర్ విద్యార్థి, బాపట్ల

జవాబు: పైన నల్లపొరలో వెతక్కు, నలుపు అన్నిటినీ కప్పేస్తుంది. దాని అడుగున చూడు. మట్టి రంగును పోల్చి చూసే మన్సెల్ రంగుల పుస్తకంలో క్రోమా (రంగు గాఢత) 2 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉండి, పక్కనే తుప్పు మరకలుంటే ఆ లోతులో నీళ్ళు కొన్నాళ్ళు నిలుస్తున్నాయని అర్థం. అవి ఎంత పైకి కనపడితే మురుగు అంత ఎక్కువ. మన రేగడిలో నలుపు లోతుదాకా ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష తరచు తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ నేలలోకి చిల్లుల గొట్టం నిలువుగా దించి ఊటమట్టం కొలవడమే నయం. ఇంకో మాట: మురుగు గొట్టాలు వేసి వందేళ్ళయిన చేలో కూడా ఆ బూడిదరంగు అలాగే ఉంటుంది, కాబట్టి రంగు చూసి ఇప్పుడు తడిగా ఉందని రాసెయ్యకు. గడ్డను తడిపి, విరిచి, విరిగిన ముఖం చూడు. మధ్యాహ్నం ఎండలో చూడు. సాయంత్రం ఆరింటికి మాస్టారి దగ్గరికి పట్టుకెళ్తే ప్రపంచంలోని మట్టంతా బూడిదరంగే.