వినపడదని ముందే రాయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పరిశోధన ప్రతిపాదన రెండుసార్లు చదివాను. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటున్నవాళ్లు ట, త అనే ధ్వనుల మధ్య తేడాను ఎలా వింటారన్నది నీ ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. ‘పాట’ను ‘పాత’ అని విన్నవాళ్లకు వాక్యమే అడ్డం తిరుగుతుంది. అయితే మొదటి పేజీలోనే ‘వీరికి ఈ తేడా వినపడదు’ అని రాసేశావు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

1975లో మియవాకీ అనే పరిశోధకుల బృందం జపనీయులకూ అమెరికన్లకూ ఇంగ్లీషులోని ర, ల శబ్దాలు వినిపించింది. ఆ రెండింటినీ విడదీసేది ముఖ్యంగా మూడో ఫార్మెంట్, అంటే నోటి ఆకారాన్ని బట్టి శబ్దంలో బలంగా వినిపించే పౌనఃపున్యాల్లో మూడోది. మాటగా వినిపించినప్పుడు జపనీయులు తడబడ్డారు. అదే మూడో ఫార్మెంట్‌ను మాటలోంచి వేరుచేసి ఒంటరిగా వినిపిస్తే అమెరికన్లతో సమానంగా తేడా పట్టారు. అంటే చెవికి అందుతోంది. అందినదాన్ని మాతృభాష కట్టిపెట్టిన ఏ గదిలో పెడుతున్నారన్నదే అసలు సంగతి. నీ పరిశోధన ఆ గదుల గురించి, చెవి లోపం గురించి కాదు.

ఇక నీ ట, త. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన ప్రయోగాన్ని నువ్వు ఉదహరించావు. ఇంగ్లీషు వింటూ పెరుగుతున్న పసిపిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీ ట, తల తేడాను గుర్తించారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి ఎక్కువమందిలో ఆ నేర్పు సన్నగిల్లింది. అందరూ ఇక్కడితో ఆగిపోతారు, నువ్వూ ఆగిపోయావు. మరుసటి ఏడాది వెర్కర్, లోగన్ పెద్దవాళ్లతో చేసిన పని కూడా చదువు. రెండు శబ్దాల మధ్య విరామాన్ని వాళ్లు మార్చి చూశారు. 1500 మిల్లీసెకన్లు ఆగి రెండో శబ్దం వినిపిస్తే శ్రోతలు తమ భాషలోని వర్ణాల ప్రకారమే జవాబిచ్చారు. విరామం తగ్గిస్తే, తమ భాషకు అక్కరలేని ఆ తేడాను కూడా పట్టగలిగారు. నీ ప్రతిపాదనలో విరామం ఎంతో అసలు రాయలేదు. తెలియక వదిలేసిన ఆ ఒక్క అంకె నీ ఫలితాన్ని తలకిందులు చేయగలదు. తక్కువ విరామంతో ఒకసారి, ఎక్కువ విరామంతో మరోసారి పెట్టు. రెండింటి మధ్య వచ్చే తేడాయే నీ సిద్ధాంతవ్యాసంలో విలువైన భాగం అవుతుందని నా నమ్మకం.

ఈ గదుల సంగతి పుస్తకంలో చదవడం కన్నా నీ చెవితోనే తెలుసుకో. ఇంగ్లీషులో పడమరను చెప్పే ‘వెస్ట్’, చేతుల్లేని తొడుగును చెప్పే ‘వెస్ట్’. తెలుగు లిపిలో రాస్తే రెండూ ఒక్కటే. మనలో చాలామంది చెవి కూడా ఆ రెండు ధ్వనులనూ ‘వ’ అనే ఒకే గదిలో పెడుతుంది. ఇప్పుడు ‘టిన్’, ‘థిన్’ అనే మాటలు తీసుకో. ఇక్కడ మనం తడబడం. ఇంగ్లీషు టకారం మన మూర్ధన్యాల గదిలోకి, అంటే నాలుక వెనక్కి మడిచి పలికే ట, డల గదిలోకి వెళ్తుంది. డాక్టరు, టికెట్టు అనే మాటల్లో అది కనిపిస్తూనే ఉంది. రెండోది దంత్యాల గదిలోకి, అంటే నాలుకను పళ్లకు తాకించి పలికే త, దల గదిలోకి వెళ్తుంది. గదులు వేరు కాబట్టి తేడా సులువుగా తెలుస్తుంది. 1995లో క్యాథరిన్ బెస్ట్ వివరించిన సిద్ధాంతం సారాంశం ఇంచుమించు ఇదే. కానీ గమనించు: టిన్, థిన్‌ల తేడా తేలిగ్గా పట్టే మనం ఆ రెండు ధ్వనులనూ ఇంగ్లీషువాళ్లలా పలకం. కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, ఉన్న గదులే సరిపోయాయి. అందుకే నూటికి నూరు వచ్చినచోట కూడా ‘నేర్చుకున్నారు’ అని తొందరపడకు.

కాబట్టి ‘రెండూ ఒకటేనా, వేరా’ అని అడగడానికి ముందు, ‘ఇది మీ భాషలో ఏ ధ్వనిలా ఉంది, ఎంత బాగా సరిపోతోంది’ అని అడుగు. నువ్వు ఊహించని జవాబులు వస్తాయి. ఇంగ్లీషు మాట మొదట్లో ప, ట, కలు గాలి ఒత్తుతో వస్తాయి. మన ట, తలకు ఆ ఒత్తు ఉండదు. అందుకని నీ ‘త’ కొందరికి ‘డ’లా అనిపించవచ్చు. లిస్కర్, ఏబ్రమ్సన్ 1964లో 11 భాషల స్పర్శాలను, అంటే గాలిని ఒక్క క్షణం ఆపి వదిలే ప, ట, క లాంటి ధ్వనులను కొలిచిన వ్యాసం ఉంది. తమిళం, హిందీ, మరాఠీ కూడా అందులో ఉన్నాయి. మూలవ్యాసమే చదువు, సారాంశాలు వద్దు.

రికార్డింగుల విషయంలో నాకు తగిలిన దెబ్బ నీకు తగలకూడదు. నా మొదటి ప్రయోగంలో ట పదాలన్నీ ఒకరోజు, త పదాలన్నీ మరోరోజు రికార్డు చేశాను. ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. పొంగిపోయి మా గురువుగారికి చూపించాను కూడా. వారం తర్వాత ఒక శ్రోత మాటల మధ్యలో, ‘వెనకాల సన్నగా హోరు ఉన్నది ఒక రకం, లేనిది ఇంకో రకం కదండీ’ అన్నారు. గదిలో ఫ్యాను. ఒకరోజు తిరిగింది, ఇంకోరోజు తిరగలేదు. నెలల తరబడి నేను కొలిచింది ఫ్యాను చప్పుడు. ఆ సమాచారమంతా పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాను. నువ్వు మాత్రం పదాలన్నీ కలగలిపి ఒకే విడతలో రికార్డు చెయ్యి. ధ్వని స్థాయి సమం చెయ్యి. ధ్వనులను విశ్లేషించే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పదాన్నీ తెరిచి చూడు, కానీ అంతకుముందు కళ్లు మూసుకుని విను.

కత్తిరించేటప్పుడు ముందున్న అచ్చును ముట్టుకోకు. ‘పాట’లో నాలుక వెనక్కి మడత పడటం ఆకారం చివర్లోనే మొదలవుతుంది, మూడో ఫార్మెంట్ అక్కడే కిందికి దిగుతుంది. ఆ ముక్క పోతే ట సగం పోయినట్టే. అచ్చుల మధ్య వచ్చే ట, మాట మొదట్లో వచ్చే ట శ్రోతకు ఒకేలా అందవు. రెండింటినీ కలిపి సగటు తీయకు.

ఒక్క గొంతుతో సరిపెట్టకు. జపనీయులకు ర, ల నేర్పిన తర్ఫీదు ప్రయోగాల్లో 1991లో పలువురి గొంతులు వాడారు. 1993లో ఒకే గొంతుతో తర్ఫీదు ఇచ్చి చూస్తే, ఆ నేర్పు కొత్త గొంతులకు పాకలేదు. నువ్వు తర్ఫీదు భాగం పెట్టదలిస్తే చివరి పరీక్షలో శ్రోతలు ఎన్నడూ వినని గొంతు, ఎన్నడూ వినని పదాలు తప్పక ఉండాలి. తర్ఫీదు లేని బృందమూ ఉండాలి.

లెక్కల గురించి ఒక్కమాట. ప్రతిదానికీ ‘వేరు’ అనేవాళ్లు ఉంటారు, వాళ్ల సరైన జవాబుల శాతం చూసి మోసపోకు, ఆ మొగ్గును పక్కనపెట్టి తేడా పట్టే శక్తిని మాత్రమే చూపే డీ-ప్రైమ్ అనే కొలతను లెక్కించు. మిగతాది గణాంకాలు తెలిసినవాళ్లతో ప్రయోగానికి ముందే మాట్లాడు, తర్వాత కాదు.

నీ శ్రోతలు రోజంతా పనిచేసి వచ్చి, తెలియని శబ్దాలను వందలసార్లు వింటారు. మధ్యలో విరామమివ్వు. తప్పులు లెక్కపెట్టి చెప్పకు. పూర్తయ్యాక ‘ఎలా విన్నారు, దేన్ని పట్టుకుని జవాబిచ్చారు’ అని అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకో. ఫ్యాను సంగతి నాకు తెలిసింది అలాంటి మాట వల్లనే.

వచ్చే వారంలోగా పది జతల రికార్డింగులు పంపు. ఫైళ్లకు అంకెలు మాత్రమే పెట్టు, ఏది ట, ఏది త అని రాయకు. నేను విని నా జవాబులు పంపుతాను. ఆ తర్వాతే నీ సరైన జవాబుల పట్టిక చూద్దాం.

ఆశీస్సులతో.