మోకాలికి తైలం రాస్తుంటే వాపు పెరిగిందన్నారు కదా

పర్లాకిమిడి అక్కా, అమ్మగారికి నెల రోజులుగా కీళ్లనొప్పులకు వాడే ఆయుర్వేద నూనె మహానారాయణ తైలం రాస్తున్నా ఈ వారం కుడి మోకాలు ఉబ్బి వేడెక్కిందన్నారు. ముందు మర్దన ఆపండి. ఎర్రబడి, ముట్టుకుంటే కాలుతున్న కీలు మీద రుద్దితే పోటు పెరుగుతుంది. ఆయుర్వేదంలోనూ ఆమం (సరిగా అరగక ఒంట్లో పేరుకున్న మలినం) ఉన్నప్పుడు అభ్యంగం, అంటే నూనె మర్దన, వద్దంటారు. దీనికి జ్వరం తోడైనా, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంటే రుద్దడం ప్రాణం మీదకు తెస్తుంది.

వేడి, వాపు పూర్తిగా తగ్గాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. నూనెను నేరుగా పొయ్యి మీద కాచకండి. రెండు చెంచాలు చిన్న గిన్నెలో పోసి, దాన్ని వేడినీళ్లలో 5 నిమిషాలు ఉంచండి. షుగర్ ఉంటే ఆవిడకు వేడి సరిగా తెలియకపోవచ్చు, చుక్క మీ ముంజేతి మీద వేసుకుని చూడండి. మోకాలి చిప్పను నొక్కొద్దు, చాలామంది చేసే తప్పు అదే. చిప్ప చుట్టూ గుండ్రంగా, తొడ మీద పొడుగ్గా, మెత్తగా 10 నిమిషాలు చాలు. అరగంటయ్యాక వేడినీళ్లలో పిండిన తువ్వాలుతో కాపడం పెట్టి, పెసరపిండితో కడిగేయండి. అరికాలికి జిడ్డుంటే గచ్చు మీద జారతారు.

నూనె బిగుతు తగ్గిస్తుంది గానీ కీలులో అరిగిన మృదులాస్థిని (మెత్తని ఎముకను) తిరిగి తేదు. తైలం మార్చాలనుకుంటే బరంపురం దగ్గర అంకుశపూర్‌లో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడ ఒకసారి చూపించి మార్చండి.