మరచెంబుకు నంబరు ఎక్కడ వేయాలి?

మ్యూజియంలో వస్తువుల వివరాలు ఎలా నమోదు చేస్తారో పోయిన సంచికలో రెండు ముక్కలు రాశాను. ఎవరూ చదవరనుకున్న విషయానికి ఇన్ని ఉత్తరాలు రావడం నాకే ఆశ్చర్యం. ఉద్యోగకాలమంతా స్టోర్ రూములో, మొదట యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి వస్తువుకూ నంబరు వేసి రాసుకునే పుస్తకం) ముందూ తర్వాత కంప్యూటర్ ముందూ కూర్చున్నదాన్ని కాబట్టి తెలిసినంతవరకు చెబుతాను.

ప్రశ్న: మాది జనగామ దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఊళ్లో వాడకం పోయిన వస్తువులు పిల్లలతో కలిసి సేకరించాం. కుంచాలు, మానికలు, మరచెంబులు, ఎడ్ల మెడగంటలు, మోట బొక్కెన... ఓ గది నిండింది. ఎక్సెల్‌లో వస్తువు పేరు, ఇచ్చినవారి పేరు రాసి పెట్టాం. ఇది చాలా? — ఓ ఉపాధ్యాయుడు

మాస్టారూ, ఇచ్చినవారి పేరు రాసుకున్నారు, అక్కడే సగం పని అయిపోయింది. పెద్ద పెద్ద మ్యూజియాల పాత రిజిస్టర్లలో కూడా ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది. మనిషి పోయాక ఆ సమాచారం ఎంత డబ్బు పోసినా రాదు.

ఇక ముందు కావలసింది నంబరు. ఎక్కువమంది వాడే పద్ధతి మూడు ముక్కలది: ఏ ఏడు వచ్చింది, ఆ ఏడు ఎన్నోసారి వచ్చిన సామాను, అందులో ఎన్నో వస్తువు. 2025లో ఏడో దాత ఇచ్చిన వాటిలో మూడోది 2025.7.3. మరచెంబుకు మూత విడిగా వస్తుంది కదా, చెంబు 2025.7.3ఎ, మూత 2025.7.3బి. ఇత్తడికి ‘ఇ’, కర్రకు ‘క’ అని నంబరులో తెలివితేటలు దూర్చకండి. రేపు అది ఇత్తడి కాదు కంచు అని తేలితే నంబరు మార్చాల్సి వస్తుంది. ఒకసారి వేసిన నంబరు మారకూడదు, వస్తువు పోయినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు.

నంబరు చెప్పేది వస్తువు వయసు కాదు, అది మన లెక్కలోకి వచ్చిన రోజు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల నంబర్లు 1880,0709తో మొదలవుతాయి. అంటే 1880 జూలై 9. ఆ రాళ్లు చెక్కింది దాదాపు రెండువేల ఏళ్ల కిందట, మన దేశం దాటింది 1859లో. లండన్‌లోనే ఉండిన ఇండియా మ్యూజియం నుంచి బ్రిటిష్ మ్యూజియం పుస్తకంలోకి ఎక్కింది మాత్రం 1880లో. నంబరు అంతకుమించి ఏమీ చెప్పదు, చెప్పనక్కర్లేదు.

ఎక్సెల్ గురించి ఒక హెచ్చరిక. 2025.10 అని కొడితే అది సొంత తెలివితో 2025.1 చేసేస్తుంది. 7-3 అని కొడితే తేదీ అనుకుంటుంది. పైగా 1900కి ముందు తేదీలను అది తేదీలుగా లెక్కపెట్టలేదు. కాబట్టి నంబరు కాలమ్, తేదీ కాలమ్ మొదలుపెట్టేముందే ‘టెక్స్ట్’గా మార్చుకోండి. ఈ చిన్న పని చేయక, వందల వస్తువుల నంబర్లు కలగాపులగమైన ఫైళ్లు నేను చూశాను.

కాలమ్‌ల సంగతి. దొంగతనమైన కళాఖండాలను గుర్తుపట్టడానికి ‘ఆబ్జెక్ట్ ఐడీ’ అనే ప్రమాణం ఒకటి ఉంది. అమెరికాలో గెట్టీ సంస్థ 1990లలో మొదలుపెట్టింది, ఇప్పుడు అంతర్జాతీయ మ్యూజియంల మండలి చూసుకుంటోంది. మీ గదికి అది సరిగ్గా సరిపోతుంది: వస్తువు ఏ రకం, దేనితో ఎలా చేశారు, కొలతలు, మీద ఉన్న రాతలూ గుర్తులూ, దీన్నే గుర్తుపట్టించే ప్రత్యేక లక్షణాలు, కాలం, చేసినవారు, దాంతోపాటు ఫోటో, చిన్న వర్ణన. శిల్పమో చిత్రమో అయితే పేరు, అందులో చూపిన విషయం కూడా ఉంటాయి. మెడగంటకు అవి అక్కర్లేదు.

ఇందులో మనవాళ్లు తేలిగ్గా వదిలేసేది ప్రత్యేక లక్షణాలు. ‘పాత మరచెంబు, ఇత్తడి, బాగుంది’ అని రాస్తే ఎవరికి ఉపయోగం? మీ గదిలో ఐదు మరచెంబులు ఉన్నాయనుకోండి. ఊరికి కొత్త మనిషి ఆ కాగితం పట్టుకుని వెళ్లి అందులో ఒక్కదాన్ని తీసుకురావాలి. ఇలా రాసి చూడండి: ‘పసుపు రంగు లోహం. ఎత్తు మూతతో 22.1, మూత లేకుండా 19.4 సెం.మీ. పొట్ట దగ్గర గరిష్ఠ వ్యాసం 14.8. పిడికి ఎడమవైపు రివెట్ లేదు. మెడ కింద చుక్కలతో కొట్టిన మూడు అక్షరాలు, మధ్యది అరిగింది. అడుగున రూపాయి బిళ్లంత మాటు.’ అందం ఏమీ లేదు, కానీ చెంబు దొరుకుతుంది.

పేరుకు రెండు కాలమ్‌లు పెట్టండి. ఒకటి అందరికీ ఒకేలా వాడే పేరు, రెండోది ఇచ్చినవారు పిలిచిన పేరు. ఒకరింట్లో జంతికల గొట్టం ఇంకొకరింట్లో మురుకుల గొట్టం, మరొకరింట్లో చక్రాల గొట్టం. అన్నీ ఒకే కాలమ్‌లో పడితే వెతికినప్పుడు మూడోవంతే దొరుకుతాయి. అలాగని ఇళ్లలో పిలిచే ఆ పేర్లు తీసేస్తే మీ పిల్లలు ఇల్లిల్లూ తిరిగిన కష్టం వృథా.

ఇంకో కాలమ్ మీకు ముఖ్యం: ‘ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పారు’. ‘మోట తోలేటప్పుడు మా నాయన పాట పాడేవాడు’ అని ఎవరైనా చెబితే ఆ మాటలు అలాగే, చెప్పినవారి పేరుతో, తేదీతో రాయండి. బడిలో పెట్టిన గదికి అసలు సొత్తు అదే అని నా నమ్మకం. లోహాలూ కొలతలూ ఎప్పుడైనా చూసుకోవచ్చు.

వస్తువు ఏ బీరువాలో ఏ అరలో ఉందో రాయడం, కదిపినప్పుడల్లా మార్చడం విసుగు పని. దానికి దగ్గరదారి లేదు.

ఎక్సెల్ చాలనప్పుడు కలెక్టివ్ యాక్సెస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మన దేశంలో పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సి-డాక్ తయారుచేసిన ‘జతన్’ సాఫ్ట్‌వేర్‌ను జాతీయ మ్యూజియాలు వాడుతున్నాయి. సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియాల వస్తువుల రికార్డులు ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్‌లో చూడొచ్చు. ఓ మధ్యాహ్నం పిల్లలను కూర్చోబెట్టి, ఆ రికార్డుల్లో ఏముందో, ఏం రాసి ఉంటే బాగుండేదో అడగండి. క్లాసు దానంతటదే నడుస్తుంది.

ప్రశ్న: వస్తువు మీద నంబరు ఎలా వేయాలి? పర్మనెంట్ మార్కర్‌తో వేస్తే చెరగదు కదా? — రాజమహేంద్రవరం పాఠకుడు

చెరగదు, అదే దాని దోషం. నంబరు వందేళ్లు ఉండాలి, కావాలంటే ఒక్క నిమిషంలో పోవాలి. మ్యూజియాల్లో పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి సన్నని పొర వేస్తారు, ఆరాక దానిమీద ఇంకుతో రాస్తారు, పైన మరో పొర. అక్కర్లేనప్పుడు అసిటోన్‌తో తుడిస్తే పోతుంది. దాని బదులు నెయిల్ పాలిష్ వాడేవాళ్లున్నారు. అది పసుపెక్కి పెచ్చులూడుతుంది, వద్దు.

ఇది లోహం, రాయి, గట్టి మట్టి వస్తువులకు. బట్టకు కాటన్ టేపు ముక్క మీద రాసి రెండు కుట్లు వేయండి. కాగితానికి మెత్తటి 2బి పెన్సిల్, వెనకవైపు మూలన. అనుమానం ఉంటే నూలు దారంతో ట్యాగు కట్టండి, అంతకంటే సురక్షితం లేదు. సెల్లోటేపు మాత్రం ఏ వస్తువు దగ్గరకీ రానివ్వకండి.

మరచెంబుకైతే అడుగున కాకుండా, అడుగుకు కాస్త పైన, వెనకవైపు వేయండి. అడుగున వేస్తే పెట్టి తీసినప్పుడల్లా రాపిడికి పోతుంది. మూతకు లోపలివైపు.

అన్నట్టు, నంబరు వేసేముందు ‘తళతళలాడాలి’ అని చింతపండు పెట్టి తోమకండి! తోముడుకి అరిగిపోయేది ఆ చుక్కల పేరే.

ప్రశ్న: మా జేజమ్మ ఇత్తడి గంగాళం మీద ‘శుభకృతు చైత్ర శు 5’ అని ఉంది. తేదీ గడిలో ఏం రాయాలి? మా అన్నయ్య 1902 అంటున్నాడు. — తెనాలి పాఠకురాలు

అమ్మా, మీ అన్నయ్య చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కానీ శుభకృతు అరవై ఏళ్లకోసారి వస్తుంది. మొన్న 2022లో వచ్చింది, అంతకుముందు 1962, 1902, 1842. గంగాళం మీద ఉన్నది వీటిలో ఏదైనా కావచ్చు.

అందుకే తేదీని మూడు గడులు చేయండి. మొదటిదానిలో వస్తువు మీద ఉన్నది ఉన్నట్టు, అక్షరం మార్చకుండా. రెండోదానిలో మీరు అనుకునే క్రీస్తుశకం. మూడోదానిలో ఎందుకలా అనుకుంటున్నారో: గంగాళం మీద ఎవరి పేరుంది, ఆమె పెళ్లి ఎప్పుడు, ఎవరు చెప్పారు. తిథితోపాటు వారం కూడా ఎక్కడైనా చెక్కి ఉందేమో వెతకండి. ఉంటే పాత పంచాంగాలతో సరిచూసి చాలావరకు ఏడాది తేల్చేయొచ్చు.

తెలంగాణ పాఠకులకు ఇక్కడే ఒక మాట. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940-41. హిజ్రీకి ఈ కూడిక పనిచేయదు. అది చంద్రుడి లెక్క, మన ఏడాదికంటే పదకొండు రోజులు చిన్నది, పట్టిక చూడాల్సిందే. హిజ్రీ 1329 అంటే 1911.

ప్రశ్న: ఓ మ్యూజియంలో కాంట్రాక్ట్ మీద డేటా ఎంట్రీ చేస్తున్నాను. పాత రిజిస్టర్‌లో ‘కంచు విగ్రహం, 9 అంగుళాలు’ అని ఉంది. నా ముందున్నది 26 సెంటీమీటర్లు, ఇత్తడిలా ఉంది. మా సార్ ‘రిజిస్టర్‌లో ఉన్నదే ఎక్కించు’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. — పేరు, ఊరు వద్దన్నారు

బాబూ, తొమ్మిది అంగుళాలంటే 23 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మూడు సెంటీమీటర్ల తేడాకు మామూలు కారణం పీఠం. అప్పటివాళ్లు పీఠం వదిలేసి కొలిచి ఉండొచ్చు, అది లేకుండా కొలిచి చూడు. సరిపోతే సంతోషం. సరిపోకపోతే, నీ చేతిలో ఉన్నది ఆ విగ్రహమేనా అన్న ప్రశ్న వస్తుంది. అది డేటా ఎంట్రీ గుమాస్తా ఒంటరిగా మోయాల్సిన బరువు కాదు.

మీ సార్ చెప్పింది సగం సరైనదే. రిజిస్టర్‌లో ఉన్నదాన్ని చెరపకూడదు. ‘రిజిస్టర్ ప్రకారం’ అనే గడిలో అది అక్షరాలా ఎక్కించు, పేజీ నంబరుతో. పక్కన ‘ప్రస్తుత కొలత’ అని నీ కొలత, తేదీ, కొలిచినవారి పేరు. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేకపోతే రిమార్కుల్లో రాయి. తేడా వచ్చిన వస్తువుల జాబితా ఒకటి తయారుచేసి సార్‌కు కాగితం మీద ఇవ్వు. నోటిమాటగా చెబితే రేపు తనిఖీలో ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

లోహం సంగతికొస్తే, కంచా ఇత్తడా అని కంటితో తేల్చకు. పరీక్ష చేయనంతవరకు ‘రాగి మిశ్రమం’ అను, రెండూ అందులోకే వస్తాయి. బంగారమనిపించినా ‘పసుపు రంగు లోహం’ అనే రాయి. బంగారమని సంతకం పెట్టి తీసుకున్న వస్తువు రేపు పూత అని తేలితే, అసలుది ఎక్కడ అని నిన్నే అడుగుతారు.

పాత ఫైళ్లు ‘అను’ అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో టైపు చేసినవైతే అలాగే అతికించకు. ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చకపోతే డేటాబేస్‌లో పిచ్చిగీతలే మిగులుతాయి, ఏం వెతికినా దొరకదు.

విగ్రహానికి ఫోటో తీయకుండా మాత్రం రికార్డు మూసేయకు. ముందు, వెనక, రెండు పక్కలు, పీఠం అడుగు, పక్కన స్కేలు, ఫైలు పేరు యాక్సెషన్ నంబరే. తమిళనాడు శ్రీపురందాన్ గుడి నటరాజు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలాక, అది మనదేనని చూపింది పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ 1994లో తీసిన ఫోటో. 2014లో తిరిగొచ్చింది. మన ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ శిల్పాన్ని కూడా అదే గ్యాలరీ 2005లో కొని, 2016లో వెనక్కి ఇచ్చింది. స్టోర్ రూములో దుమ్ములో నిలబడి తీసే ఫోటో ఎవరికి కావాలని విసుగొస్తే ఈ రెండూ తలుచుకో.

ప్రశ్న: పాత బావి పూడిక తీస్తుంటే కుండలో నాణేలు దొరికాయి. కడిగి, వివరాలు రాసి మ్యూజియానికి ఇద్దామనుకుంటున్నాం. — కరీంనగర్ జిల్లా

కడగొద్దు! కుండను, మట్టిని, నాణేలను విడదీయొద్దు. భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది, అది ఇప్పటికీ ఉంది. ముందు ఆ పని చేయండి. ఈలోపు మీరు రాయగలిగినది, ఇంకెవరూ రాయలేనిది ఒకటుంది: బావి ఏ సర్వే నంబరులో ఉంది, ఎంత లోతున దొరికింది, ఆ రోజు ఎవరెవరున్నారు, కుండ నిటారుగా ఉందా పడి ఉందా. ఫోన్‌తో ఫోటోలు తీయండి.

నాణేల వివరాలు నిపుణులు చూసుకుంటారు. బరువు గ్రాముల్లో రెండు దశాంశాల వరకు, వ్యాసం, రెండు వైపుల బొమ్మలు, రాతలు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయిలే అయితే ఆ బొమ్మ ద్వారంలో ఉన్న ఉర్దూ అక్షరం కూడా రాస్తారు. ‘మీమ్’ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. అంత చిన్న గుర్తు తోముడుకు పోతుందనే కడగొద్దనడం.

ప్రశ్న: అమ్మమ్మ సామాన్లు న్యూజెర్సీలో మా తెలుగు సంఘం గదిలో పెట్టాలని ఉంది. జాబితా ఎలా రాయాలి? — ఓ పాఠకురాలు

జాబితా పైన మాస్టారికి చెప్పినట్టే. మీకు అదనంగా రెండు కాగితాలు కావాలి. ఒకటి, సంఘానికి ఇస్తున్నది దానమా, అరువా అన్నది స్పష్టంగా రాసి ఇరువైపులా సంతకాలు. అరువైతే ఎన్నాళ్లో కూడా. రెండోది ప్రయాణం గురించి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన రాతప్రతులను సొంతంగా దేశం దాటించకూడదు. కొత్తవే అయినా పాతగా కనిపించే ఇత్తడి సామాను కస్టమ్స్ దగ్గర ఆగిపోవచ్చు. అవి పురావస్తువులు కావని పురావస్తు శాఖ ధ్రువపత్రం ఇస్తుంది. దానికి ఫోటోలు, కొలతలు అడుగుతారు కాబట్టి మీ జాబితా అక్కడే మొదటిసారి పనికొస్తుంది. అమ్మమ్మ తాళపత్రాలు ఏమైనా ఉంటే అవి ఇక్కడే వదిలేసి, స్కాన్ చేసిన ప్రతులు తీసుకెళ్లండి. టికెట్టు కొనకముందే ఈ పని మొదలుపెట్టండి.