ఎనిమిది కాలేజీలకూ జీఆర్ఈ స్కోరు ఇప్పుడే పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీటెక్ సీఎస్ఈ చివరి సంవత్సరం. అమెరికాలో ఎంఎస్ కోసం జీఆర్ఈ రాస్తే మార్చిలో 298, ఆగస్టులో 312 వచ్చాయి. పాత స్కోరు కూడా యూనివర్సిటీలకు తెలిసిపోతుందని స్నేహితులు అన్నారట, అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. కన్సల్టెన్సీ వాళ్లేమో ఎనిమిది కాలేజీలకూ ఇప్పుడే స్కోర్లు పంపమంటున్నారు. ఒక్కోదానికి మూడు వేల పైనే అవుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు అమ్మాయి టెన్షన్ సంగతి చూద్దాం. మార్చి స్కోరు తను పంపితే తప్ప ఎవరికీ కనిపించదు. జీఆర్ఈ నిర్వహించే సంస్థ ఈటీఎస్. అందులోని తన అకౌంట్లోంచి స్కోరు పంపేటప్పుడు ఏ తేదీ పరీక్షది పంపాలో ఎంచుకోవచ్చు. ఆగస్టుది ఒక్కటే ఎంచుకుంటే, అంతకుముందు ఇంకోసారి రాసినట్టు కూడా ఆ రిపోర్టులో ఉండదు. కాకపోతే ఒక పరీక్షలో క్వాంట్ (లెక్కల భాగం), ఇంకో పరీక్షలో వెర్బల్ (ఇంగ్లిష్ భాగం) కలిపి పంపడం కుదరదు.

పరీక్ష రోజు స్కోరు తెరమీద చూశాక నాలుగు యూనివర్సిటీలకు ఉచితంగా పంపే అవకాశం ఉంటుంది. అలసటతోనో తొందరలోనో దాన్ని వదిలేసి వచ్చే పిల్లలను ఏటా చూస్తుంటాను, ప్రాణం ఉసూరుమంటుంది. మీ అమ్మాయి ఆగస్టులో ఎవరికైనా పంపిందేమో ముందు కనుక్కోండి. పంపకపోతే ఆ ఉచితం మళ్లీ రాదు.

ఇక ఎనిమిదింటికీ ఇప్పుడే కట్టాలా అంటే, నేనైతే వద్దంటాను. చాలా యూనివర్సిటీలకు దరఖాస్తులో స్కోరు అంకెలు నింపి, ఈటీఎస్ అకౌంట్లోంచి దించుకున్న పీడీఎఫ్ జతచేస్తే చాలు, ఈటీఎస్ నేరుగా పంపే అఫీషియల్ రిపోర్టు సీటు వచ్చాక అడుగుతాయి. కొన్ని మాత్రం గడువులోపే కావాలంటాయి. కొన్ని డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ ఐచ్ఛికం అంటాయి, కొన్ని అసలు చూడబోమనే చెబుతాయి. ఈ సంగతి గ్రాడ్యుయేట్ స్కూల్ (యూనివర్సిటీలో పీజీ చదువులు చూసే విభాగం) పేజీలో ఒకలా, డిపార్ట్‌మెంట్ పేజీలో ఒకలా ఉండొచ్చు, కాబట్టి రెండూ చదవాలి. తేడా వస్తే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు దాచుకోమనండి. ఇదంతా ఒక ఆదివారం పని. అది అయ్యాక ఎనిమిదిలో ఇప్పుడే డబ్బు కట్టాల్సినవి రెండో మూడో మిగలొచ్చు.

ఐచ్ఛికం అన్నచోట పంపాలా వద్దా అన్నది క్వాంట్‌ని బట్టి ఉంటుంది. 312లో క్వాంట్ 165 దాటితే, ఓ మోస్తరు యూనివర్సిటీలకు పంపమనే అంటాను. 160 లోపు ఉంటే సీఎస్‌కి అది బలం కాదు, అక్కడ ప్రాజెక్టులూ మార్కులూ మాట్లాడాలి.

డబ్బు కట్టేముందు రెండు విషయాలు చూసుకోండి. స్కోరు పంపేటప్పుడు ఎంచుకునే యూనివర్సిటీ కోడ్ ఒకటి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ అంటే డాలస్ వేరు, ఆర్లింగ్టన్ వేరు, ఆస్టిన్ వేరు. ఒకదాని బదులు ఇంకొకటి నొక్కితే కట్టిన డబ్బు తిరిగి రాదు.

రెండోది పేరు. మన ఇంటిపేర్లతో వచ్చే తంటా ఇది. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, దరఖాస్తులో ఒక్క అక్షరమే రాశాడు. స్కోరు అమెరికా చేరింది కానీ అతని ఫైలుకి చేరలేదు. మూడు వారాలు పోర్టల్లో ‘నాట్ రిసీవ్డ్’ అనే ఉంది. పుట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, స్కోరు పీడీఎఫ్ పెట్టి మెయిల్ చేయించాక కలిపారు. పాస్‌పోర్టు, ఈటీఎస్ అకౌంటు, దరఖాస్తు, మూడింట్లోనూ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి.

అన్నట్టు, ఆ ఈటీఎస్ అకౌంటు కన్సల్టెన్సీ వాళ్ల మెయిల్‌తో తెరిచారేమో చూడండి. అలాగైతే వెంటనే అమ్మాయి సొంత మెయిల్‌కి మార్పించి, పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకోమనండి. గడువులోపే అఫీషియల్ స్కోరు అడిగినవాళ్లకు మాత్రం ఆఖరి తేదీకి మూడు వారాల ముందే పంపించేయండి. డిసెంబరు 15 గడువైతే నవంబరు 24 దాటనివ్వకండి.