జిప్సీ లోపలి రేకుకు ఏ పూత వేయించాలి?

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. గట్ల మీద తిరగడానికి పాత మారుతి జిప్సీ ఒకటి కొన్నాను. మేత బస్తాలు, ఐసు పెట్టెలు, తడి వలలు అన్నీ అందులోనే వేస్తాము. మొన్న కార్పెట్ ఎత్తి చూస్తే రేకు మీద అక్కడక్కడ తుప్పు పొక్కులు కనిపించాయి. ఒక షెడ్డువారు పాలీయూరియా కొట్టించుకోమంటున్నారు. మా పెయింటరు బండి అడుగున కొట్టే తారు పూతనే లోపల కూడా కొడితే చాలంటున్నాడు. అమెరికాలో ఉన్న మా బావగారు రోలరుతో వేసుకునే బెడ్‌లైనర్ (పికప్ ట్రక్కు తొట్టికి వేసే గరుకు పూత) డబ్బా వచ్చేటప్పుడు తెస్తానంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: బావగారి మాట వినండి, కానీ డబ్బా మాత్రం ఆయన చేత తెప్పించకండి. మండే స్వభావమున్న పెయింట్లను విమాన ప్రయాణికుల సామానులో అనుమతించరు. అదే తరహాలో, రెండు డబ్బాల సరుకు కలిపి వేసే పాలీయురెథేన్ పూతలు మన దేశంలోనూ దొరుకుతున్నాయి.

తారు పూత సంగతి ముందుగా తేల్చేద్దాం. అది బండి అడుగు భాగానికి రాళ్ళ దెబ్బ తగలకుండా వేసేది. లోపల వేస్తే ఎండకు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంది, టాప్ వేసి ఉంచిన బండిలో దాని వాసన వదలదు, పైగా రేపు మనసు మార్చుకుని వేరే పూత వేద్దామన్నా దాని మీద ఏదీ పట్టదు కనుక అంతా గీకి తీయవలసి వస్తుంది.

పాలీయూరియా నిజంగానే గట్టి సరుకు. రెండు రసాయనాలను సుమారు 65 నుంచి 75 డిగ్రీల దాకా వేడిచేసి, ఎక్కువ ఒత్తిడితో గన్ను మూతి దగ్గర కలిపి కొడతారు. కొన్ని సెకన్లలోనే అది గట్టిపడి రెండు మూడు మిల్లీమీటర్ల మందాన రబ్బరు తొడుగులా రేకును కప్పేస్తుంది. ఇనుప సామాను పడేసే పికప్ ట్రక్కుల తొట్లకు అంత మందం అవసరమే. మీ బండి విషయంలో నన్ను వెనక్కి లాగుతున్నది కూడా ఆ మందమే. తుప్పు మొదలైన రేకును అలా కప్పితే లోపల ఏం జరుగుతున్నదో పైనుంచి కనబడదు. ఇలాంటి పూత వేసిన ఒక పాత జీపును నేను దగ్గరగా చూశాను. సీటు బోల్టు విప్పబోతే బోల్టుతోపాటు అరచేయంత రేకు పొడిపొడిగా ఊడి వచ్చింది, పూత మాత్రం చెక్కుచెదరలేదు. పాలీయూరియాను పెయింటులా గీకి, చూసుకుని, మళ్ళీ పూసుకోవడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు. చెరువు గట్ల మీద తిరిగే బండికి ఏడాదికోసారైనా రేకును పరీక్షించే వీలుండాలి కనుక, ఎపాక్సీ ప్రైమర్ (రేకుకు గట్టిగా పట్టే తొలి పూత) మీద రోలరుతో వేసే పలుచని బెడ్‌లైనర్ మీకు మేలు.

అయితే మీ డబ్బులో, శ్రమలో ఎక్కువ భాగం పూతకు ముందు జరిగే పనికే పోవాలి. సీట్లు, కార్పెట్, రబ్బరు మూతలు అన్నీ తీసివేసి, స్క్రూడ్రైవరు కొనతో పొక్కు ఉన్న ప్రతిచోటా పొడిచి చూడండి. దిగబడిన చోట రేకు కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. దాని మీద పుట్టీ పెట్టి నునుపు చేస్తానన్న మేస్త్రికి దండం పెట్టి వచ్చేయండి. వెల్డింగుకు ముందు పెట్రోలు ట్యాంకు, పైపులు ఎటు ఉన్నాయో చూసి, అవసరమైతే దింపించండి.

మీది ఉప్పునీటి వ్యవహారం కనుక, ఎమరీ పేపరు పట్టకముందే ఫ్లోరును మంచినీటితో రెండు మూడు సార్లు కడిగి ఆరబెట్టాలి. తుప్పు గుంటల్లో ఉప్పు మిగిలి ఉండగానే రుద్దితే దాన్ని మరింత లోపలికి నెట్టినట్లవుతుంది, అది పూత కింద తేమను లాక్కుని కొన్ని నెలలకే కొత్త పొక్కులు లేపుతుంది. ఆ తరువాత 80 నంబరు ఎమరీతో రుద్ది, మరోసారి కడిగి, బాగా ఆరాక థిన్నరు గుడ్డతో నూనె జిడ్డు తుడిచి, రేకులు ఒకదానిపై ఒకటి ఎక్కిన అతుకుల్లో సీలెంట్ నింపి, అప్పుడు ఎపాక్సీ ప్రైమర్ వేయించండి. ప్రైమర్ ఆరాక ఒక మూల బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గళ్ళు గీసి, టేపు అంటించి చటుక్కున లాగండి. గళ్ళు టేపుతో వచ్చేస్తే పని మళ్ళీ మొదటికి వచ్చినట్లే, అలాంటి ప్రైమర్ మీద బెడ్‌లైనర్ డబ్బా తెరవడం దండగ.

వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి. గాలిలోని తేమ చల్లబడి నీటి చుక్కగా మారే ఉష్ణోగ్రత కంటే రేకు కనీసం 3 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలన్నది పూతల పనిలో అందరూ పాటించే నియమం. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న రోజున ఆ ఉష్ణోగ్రత 27 డిగ్రీలు దాటి ఉంటుంది కనుక, నీడలో నిలిపిన బండి రేకుకు ఆ తేడా దక్కదు. పైగా హార్డెనర్‌లోని, అంటే పూత గట్టిపడడానికి కలిపే రెండో డబ్బాలోని, ఐసోసైనేట్ అనే రసాయనం తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పూతలో బుడగలు లేస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొద్దెక్కి మంచు విడిచాక మొదలుపెట్టడం మంచిది. కలిపాక ఎంతసేపట్లో వాడేయాలో డబ్బా మీద రాసిన గడువు సాధారణంగా 20 డిగ్రీల చుట్టుపక్కల లెక్కగట్టినది, మన వేడిలో కలిపిన సరుకు అంతకంటే త్వరగా బిగిసిపోతుంది. అందుచేత ఒక్కసారే అంతా కలపకుండా, డబ్బా మీద ఇచ్చిన పాళ్ళలోనే కొంచెం కొంచెంగా కలుపుకోండి.

ఐసోసైనేట్ విషయం తేలిగ్గా తీసుకోకూడదు. అది ఆస్తమా తెప్పించగలదు, ఒకసారి పడకుండా పోయినవారికి ఆ తరువాత కొద్ది ఆవిరి తగిలినా ఆయాసం వస్తుంది. రోలరుతోనే వేయించండి, అది కూడా ఆరుబయట, గ్లౌజులతో, రసాయనాల ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కుతో వేయించండి. ముక్కుకు కట్టుకునే రుమాలు ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఇంట్లో ఆస్తమా ఉన్నవారిని ఆ ఛాయలకు రానీయకండి.

పూతలో గరుకు ఎంత ఉండాలన్నది అడిగేవారు తక్కువ. ఫొటోల్లో ముతక గరుకే అందంగా కనబడుతుంది. కానీ దాని మీద మేత బస్తా ఈడిస్తే అడుగు చిరుగుతుంది, రొయ్యల నీరు, బురద ఆ గుంటల్లో నిలిచి ఎంత కడిగినా నీచు వాసన పోదు. మీకు సన్న గరుకు చాలు. టాప్ తీసి తిప్పే అలవాటుంటే ఎండకు రంగు మారని ఎలిఫాటిక్ రకం అడగండి, ఎరోమాటిక్ రకం ఎండకు వెలిసి పొడి రాలుతుంది. వేసే ముందు బోల్టు మరలకు, నీరు పోయే రంధ్రాలకు తప్పనిసరిగా టేపు వేయించండి. ఆ రంధ్రాలు మూసుకుపోతే కడిగిన నీరు పోయే దారి లేక ఫ్లోరు తొట్టి అవుతుంది.

ప్రశ్న: కొత్త థార్ తీసుకున్నాను. నెలకోసారి వికారాబాద్ వైపు మట్టి దారుల్లో వెళతాము. లోపల ముందుగానే బెడ్‌లైనర్ వేయించడం మంచిదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. కొత్త బండి బాడీని ఫ్యాక్టరీలో రసాయన తొట్టిలో ముంచి, విద్యుత్తు సాయంతో ప్రైమర్ పట్టిస్తారు. అది అతుకుల లోపలికి కూడా చేరుతుంది. బెడ్‌లైనర్ పట్టడం కోసం ఆ బాడీని ఎమరీతో రుద్దించడమంటే ఉన్న మంచి రక్షణను గీకించుకోవడమే, తుప్పు వారంటీ మీద పేచీకి కూడా మీరే తావిచ్చినవారవుతారు. 2020 అక్టోబరులో వచ్చిన థార్‌లో కడుక్కునే ఫ్లోరు, నీరు వదిలే ప్లగ్గులు ఉన్న రకాలు ఉన్నాయి. మీ బండిలో ఉన్నాయేమో చూసుకుని, అంచులున్న రబ్బరు మ్యాట్లు వేయించండి. తడి దారిలో తిరిగి వచ్చిన రోజున ఆ మ్యాట్లు ఎత్తి, ప్లగ్గులు తీసి, తలుపులు తెరిచి ఒక పూట ఆరనివ్వండి.